తాకితే చెయ్యెత్తాలి

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కిన పెద్దావిడ నా పక్కన కూర్చుని మెడకు నొప్పుల మందు రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే సునంద మేడం గుర్తొచ్చి, నా కళ్లు తడిశాయి. మేడం ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు కబడ్డీ ఆడారు. మోకాలు చెడ్డాక సరూర్‌నగర్‌లో మా బస్తీ వెనక మైదానంలో ఆడపిల్లలకు ఆట నేర్పేవారు. ఆవిడ వచ్చారంటే ముందు ఆ మందు వాసనే వచ్చేది. ఇంటికీ బడికీ మధ్య మాకు ఊపిరాడే చోటు ఆ మైదానం ఒక్కటే.

ఒకసారి ఫైనల్లో, ఆట ముగిసే వేళ, కూతకొచ్చిన అమ్మాయి నా మోచేతిని వేలితో తాకి వెనక్కి వెళ్లిపోయింది. అంపైర్ చూడలేదు. గీత అవతల నుంచి మేడం కేక వేశారు.

"లతా, తాకిందా?"

"తాకింది మేడం."

"మరి చెయ్యెందుకు లేస్తలేదు?"

ఔటయ్యానని చెయ్యెత్తి బయటికొచ్చాను. ఆ ఒక్క పాయింటుతోనే ఓడిపోయాం. బస్సులో ఏడుస్తుంటే పక్కన కూర్చుని, "అంపైర్‌కు రెండే కండ్లు. నీ ఒంటికి తెల్వదా బిడ్డా?" అన్నారు.

తర్వాత మా మైదానంలో ఫంక్షన్ హాల్ కడతారని తెలిసింది. మేడం మమ్మల్ని ఎల్బీ నగర్ చౌరస్తాకు తీసుకెళ్లి, నడిరోడ్డు మీద ముగ్గుపిండితో గీతలు గీసి ఆడించారు. బండ్లన్నీ ఆగిపోయాయి. అది చూసి ఒక పార్టీ మేడంకు టికెట్ ఇచ్చింది. "కుర్చీ లేకుంటే మన మాట ఎవరింటరు?" అంటూ ఆ మోకాలితోనే గడపగడపా తిరిగారు, మైదానం కాపాడతానని మాటిచ్చారు, కార్పొరేటర్‌గా గెలిచారు. గెలిచాక పార్టీ ఏరు దాటి తెప్ప తగలేసింది. హాలుకు అనుమతి తెచ్చింది వాళ్లే.

శంకుస్థాపన నాడు మేడంను వేదిక మీద కూర్చోబెట్టారు. "మా సునందక్క కూడా సంతోషంగా ఒప్పుకున్నది" అన్నాడు పెద్ద నాయకుడు. మేడం చెయ్యెత్తారు. మాట్లాడతారనుకుని ఎవరో మైకు అందించారు. "మైదానం నిలబెడతనని ఓట్లడిగిన. నిలబెట్టలే. నేను ఔట్" అని మైకు తిరిగిచ్చి, కుంటుకుంటూ మెట్లు దిగారు. జనంలో కొందరు నవ్వారు. ఆ రోజే రాజీనామా చేశారు.

హాలు ఆగలేదు. మా జట్టు చెదిరిపోయింది. పదవిలో ఉండి కొట్లాడితే ఇంకో జాగా అయినా దొరికేదని బస్తీ అంతా తిట్టింది. నేనూ ఒకరోజు అడిగేశాను. మేడం మోకాలు రుద్దుకుంటూ, "దొరుకుతుండెనేమో బిడ్డా" అన్నారు, అంతే. నా కోపం ఇప్పటికీ తీరలేదు. ఆవిడ మీద ప్రేమా తగ్గలేదు. ఆవిడ పోయినప్పుడు చర్చిలో ముందు బెంచీలు కూడా నిండలేదు. పార్టీ నుంచి ఒక్కరూ రాలేదు.

ఇప్పుడు నేను ఎల్బీ నగర్‌లో ఒక బడిలో ఆటల టీచర్‌ని. మైదానం లేదు, బస్సులు ఆగే సిమెంటు నేల మీదే మా ఆట. మొన్న పోటీలో మా పిల్లకు అవతలి జట్టు అమ్మాయి చెయ్యి తగిలింది. అంపైర్ చూడలేదు. పిల్ల నా వైపు చూసింది.

"తాకిందా?" అన్నాను.

చెయ్యెత్తింది. ఎత్తితే ఏమేం పోతాయో దానికి ఇంకా తెలియదు. నాకు తెలుసు. అయినా అడిగాను.