గరగ ఆగకుండా ఒక్క ఫొటో

మా కోనసీమలో ఫొటోలు తీసేవాడికి వానతో పేచీ లేదు, మర్యాదతోనే. మనిషి జాడ లేని లంక మీద మంచు లేస్తోందని ఊపిరి బిగబట్టి కెమెరా ఎత్తుతానా, అరటితోటలోంచి ఎవరో తల బయటపెట్టి "టిఫినైందా అండి?" అంటారు.

అయినా లంకలూ, మడ అడవులూ, గోదారి సముద్రంలో కలిసే చోటూ ఎలాగో తీశాను. రాజమండ్రిలో నా మొదటి ప్రదర్శన మరి. పెళ్లి ఫొటోలవాడికి గోడ మీద చోటివ్వడమే గొప్ప. జాతర ఫొటో ఒకటి సాయంత్రంలోగా పంపకపోతే ఆ చోటు ఇంకొకరిదన్నారు.

కపిలేశ్వరపురం దగ్గర ఓ లంక ఊళ్లో ఆవేళ అమ్మవారి జాతర. గరగంటే అమ్మవారి కలశం. వెనక చీర కుచ్చిళ్లు కట్టి, నెత్తిన పెట్టుకుని డప్పులకి గిర్రున తిరుగుతారు. చీర గొడుగులా విచ్చుకుంటుంది. నాకు అదే కావాలి. గరగెత్తిన పెద్దాయన తిరుగుతున్నారు కదా అని కెమెరా ఎత్తేను. ఆయన టక్కున ఆగి నిటారుగా నిలబడ్డారు. డప్పులూ ఆగేయి.

"ఆగకండి బాబాయిగారూ, తిరగండి."

"ఆయ్. కదిలితే ఎలాగండి? మొన్న ఆధార్ ఫొటోకి కదిలేనని కసిరేరండి."

అరుగు మీది మామ్మగారు అందుకున్నారు. "కదలొద్దని నేర్పింది ఇతనే కదరా. మా మనవడి పెళ్లిలో తాళి కట్టేవాణ్ణి సగంలో ఆపేడు. పంతులుగారు కూడా మంత్రం మింగి కెమెరా వైపు చూసేరు."

జిల్లా మొత్తానికి ఆగడం నేర్పినవాణ్ణి, ఇప్పుడెవరి మీద విసుక్కోను?

చెప్పులు విడిచి, నడుముకి తువ్వాలు బిగించి, ఇల్లిల్లూ తిరిగే మేళంలో కలిసిపోయాను, ఆయన నన్ను మరిచిపోతారని. మొదటి ఇంటి ముందే ఒక కోడలుపిల్ల గరగెత్తిన బాబాయిగారి కాళ్లకి పసుపునీళ్లు పోసి, వరసలో నా కాళ్లకీ పోసింది.

"నేను ఫొటోలవాణ్ణమ్మా."

"అమ్మవారితో వచ్చేరు కదండి, పరవాలేదు," అని చంటిపిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టింది. "కాస్త దీవించండి."

వాడు నా మొహం చూసి గుక్కపట్టేడు. బాబాయిగారు ఇటు తిరిగి చూసి, "స్వామీ, తవరు మమ్మల్నీ దీవించాలండి," అన్నారు. మేళమంతా పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే డప్పులు లేచేయి, ఆ ఊపులో ఆయన తిరగనే తిరిగేరు. ఒక చేతిలో పిల్లాడు, ఇంకో చేతిలో మెళ్లో వేలాడే కెమెరా. చూడకుండానే నొక్కేను.

ఫొటోలో నేల పక్కకి ఒరిగింది. చీర విచ్చుకుంది, ఆయన కాళ్ల మీంచి చిమ్మిన పసుపునీళ్లు గాల్లో ఉన్నాయి. ఓ మూలంతా గులాబీ రంగు మసక. వేరే దారి లేక అదే పంపేను. చోటు దక్కింది.

ప్రదర్శన ప్రారంభం రోజున ఆ మూల మసక ఏమిటని పెద్దపెద్దవాళ్లు గడ్డాలు నిమురుకుంటుంటే, లంక నుంచి ఆటోలో వచ్చిన ఆ తల్లి పిల్లాడి పిడికిలి ఎత్తి ఇదేనని అందరికీ చూపించింది. ఫొటో తీసిందెవరని అడిగినవాళ్లకీ వాణ్ణే చూపించింది. వాడు మళ్లీ ఏడుస్తాడని నేను కాదనలేదు.