పత్తికొండ వేరుశనగ చేలో పన్నెండు సాళ్లు

రేర్ ఎర్త్ లోహాలని వార్తల్లో వింటుంటాం కదా, వాటిలో ఒకటైన లాంథనం మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. పోషకం కరువైన మొక్కకు దాన్ని అతి కొద్దిగా చల్లితే, ఆకు ఎండతో ఆహారం వండుకునే పని కాస్త మెరుగుపడడం కుండీల్లో చూశాను. అందుకే హుసేనప్ప అనే రైతు, నాలుగెకరాల వేరుశనగ పసుపెక్కిపోతోందని ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాను. నాలుగు సాళ్లకు లాంథనం, నాలుగు సాళ్లకు ఇనుమిచ్చే అన్నభేది చల్లి, పక్క నాలుగు సాళ్లూ వట్టిగా వదిలేయమన్నాను. ఏది గెలిస్తే అది చేనంతా చల్లాలి. ఇంకా ఆలస్యమైతే పూల నుంచి నేలలోకి ఊడలు దిగవు, కాయ ఉండదు.

పది రోజులాగి బయల్దేరాను. కల్లూరు నుంచి షేర్ ఆటో ఇరవై రూపాయలు, కర్నూలులో ఆరున్నర బస్సు. తొమ్మిదికల్లా పత్తికొండలో ఉగ్గాని, బజ్జీ తిని ఇంకో ఆటో ఎక్కాను. "శెనక్కాయ చేను చూసేకి కర్నూలు నుంచి వస్తాండావా? మేం దినామూ చూస్తాండాం, మాకెవురూ దుడ్లియ్యరే," అన్నాడు డ్రైవర్.

చేలో వట్టిగా వదలమన్న సాళ్లు నిగనిగలాడుతున్నాయి. హుసేనప్ప తల గోక్కున్నాడు. ఆయన భార్య ఈరమ్మే చెప్పింది. "నేనే అన్నభేది చల్లినా నాయనా. ఎనిమిది సాళ్లకు పెట్టి నాలుగింటిని పస్తు పెట్టేకి మనసు రాలేదు."

పోల్చడానికి ఏమీ మిగల్లేదని గట్టు మీద కూలబడ్డాను. ఈరమ్మ చేయి చాపి మిగతా పొలం చూపింది. "అదంతా పస్తే ఉండాది కదప్పా, చాలదా?"

ఇంత చదివీ నాకు తట్టలేదు. సిగ్గుతో నవ్వేసి, పచ్చదనం కొలిచే మీటరు తీశాను. మందు తగలని ఆకులు పాలిపోయి ఉన్నాయి. లాంథనం సాళ్లు కాస్త నయం. అన్నభేది సాళ్లు పచ్చదనంలో ఎక్కడికో వెళ్లిపోయాయి. సున్నపు నేలలో ఇనుము వేరుకందదు, అదందకపోతే ఆకులో పచ్చదనం పుట్టదు.

"టీ నీళ్ల మాదిరి, నీ మందు. పని జరుగుతాది, కడుపు నిండదు," అన్నాడు హుసేనప్ప. ఆ వెంటనే అడిగాడు. "ఏది చల్లమంటావు సార్? నువ్వేది చెప్తే అదే."

"అన్నభేదే," అన్నాను.

ఆ సాయంత్రం నేనూ ఒక మందు కొట్టే పంపు భుజానికెత్తుకున్నాను. నా లాంథనం ఓడిన రోజున ఇంత హుషారుగా ఉంటానని అనుకోలేదు. కొన్నాళ్ల తర్వాత ఈరమ్మ ఫోన్ చేసి, "ఊడలు దిగినాయి నాయనా," అంది. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లు పాత చొక్కా తీసుకెళ్లండి. అన్నభేది మరక ఎంత ఉతికినా పోదు. నేనైతే ఉతకడం మానేశాను, అలాగే వేసుకుని కాలేజీకి పోతున్నాను.