రాజారావు గారి ఆవకాయ సిఫార్సు

ఈసారి మున్సిపల్ కౌన్సిల్ ఎన్నికల్లో, పరాయి దేశపు క్రెయిగీబర్న్‌లోని రాజారావు ఇంటి కంచె అభ్యర్థి గ్రెగ్ ముఖం వెనక మాయమైంది. అన్ని ప్రచార బోర్డులు కట్టాడు. పగలంతా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి, సాయంత్రాలు గ్రెగ్‌ను వెంటబెట్టుకుని తెలుగువాళ్ల గడపలన్నీ తొక్కాడు. ఉగాది సభలో శాలువా కప్పించాడు. గ్రెగ్ గెలిచాడు.

ఇదంతా అల్లుడి కోసం. శ్రీపతి సివిల్ ఇంజనీరు. రెండేళ్లుగా ట్యాక్సీ తోలుతున్నాడు. కౌన్సిల్లో రోడ్ల విభాగంలో పోస్టు పడితే దరఖాస్తు పెట్టాడు. గుంటూరులో ఎమ్మెల్యే మాట లేనిదే బంట్రోతు ఉద్యోగం కూడా రాదని రాజారావు నమ్మకం. గెలిపించినవాడికి ఆ మాత్రం చేయకపోతే గెలవడం దేనికి?

గ్రెగ్‌ను భోజనానికి పిలిచారు. గోంగూర మాంసం తిని గ్రెగ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, కారానికి. అదే అదననుకుని రాజారావు ఆవకాయ సీసాతోపాటు శ్రీపతి రెజ్యూమె ఆయన ముందు పెట్టాడు.

“మా అల్లుడు. జస్ట్ వన్ ఫోన్ కాల్, మేట్!”

గ్రెగ్ స్పూను కింద పెట్టాడు. ఉద్యోగాల్లో కౌన్సిలర్లు వేలు పెట్టకూడదన్నాడు. ఇలా అడిగినట్టు ఆఫీసుకు చెప్పక తప్పదన్నాడు. ఆవకాయ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

“పైకి అట్టాగే అంటారు అల్లుడు గారూ. రేపు చూడండి, ఫోన్ కొడతాడు.”

“నిజంగానే కొడతాడు మామయ్య గారూ, నా మీద కంప్లయింట్ చెప్పడానికి. నా అప్లికేషన్ గోవిందా!”

“సీసా మిగిలిందిగా, సంతోషించండి,” అంది రాజారావు భార్య సుగుణ.

శ్రీపతి భయమే నిజమైంది. సంగతి తేలేదాకా దరఖాస్తు పక్కన పెట్టామని మెయిల్ వచ్చింది. అతను మామగారి చెవిన వేయకుండా ఇంకో కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాడు. ఇక్కడ మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని ఇంటర్వ్యూలో అడిగారు.

“నాకెవరూ తెలియదు. దేవుడి దయవల్ల మా మామగారికీ తెలియదు,” అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. రాజారావు తొడ చరిచాడు.

“చూశావా సుగుణా, గ్రెగ్ తెలివి! తన దగ్గరైతే పేరు పోతుందని పక్కవాళ్లతో ఇప్పించాడు. అల్లుడు గారూ, మీ బాసుకి శాలువా ఏ రంగైతే బాగుంటుంది? అన్నట్టు, ఏ కౌన్సిల్ అన్నారూ?”

శ్రీపతి చేరి ఆరు నెలలైంది. అది ఏ కౌన్సిలో ఇంతవరకూ చెప్పలేదు.