వీధి సావిట్లో మాణిక్యమ్మగారి పాఠం

మా మునిమనవరాలికి నాలుగేళ్ళు నిండగానే విశాఖపట్నంలో వయొలిన్ క్లాసులో వేశారు. మొన్న ఆదివారం తోడుగా నన్నూ తీసుకువెళ్ళారు. అక్కడి టీచరమ్మాయి పెట్టె మూత తీసి, కమానుకి గుగ్గిలం బిళ్ళ రుద్దడం మొదలుపెట్టేసరికి, ఆ ఏసీ గదిలో, ఆ రంగురంగుల ప్లాస్టిక్ కుర్చీల మధ్య నా ముక్కుకి ఒక్కసారిగా అనకాపల్లిలో మా ఇంటి వాసన తగిలింది. గుగ్గిలం ఒక్కటే కాదు, దాని వెనకాలే కొత్త బెల్లం, తడిసిన గోనె, మా మామ్మ తలకు రాసుకునే ఆముదం, అన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చేశాయి. ఆ అమ్మాయి తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి, తన గురువెవరో, ఆయన ఏ దేశంలో నేర్చుకున్నాడో చెప్పింది. ఇది సుజుకి పద్ధతి అనీ, జపాను నుంచి వచ్చిందనీ, పిల్ల ముందు చెవితో నేర్చుకుంటుందనీ, పుస్తకం తరవాతనీ, తల్లి కూడా పక్కన కూర్చుని నేర్చుకోవాలనీ చెప్పింది. నాకు నవ్వాగలేదు. మా మనవరాలు మోచేత్తో పొడిచింది. ఏం చెయ్యను, ఆ పద్ధతిలో నేను యుద్ధం రోజుల్లోనే చదువుకున్నాను, అదీ బెల్లం బజారులో.

నేను గొప్పలు చెప్పుకుంటానని మా పిల్లలు అంటారు. చెప్పుకుంటాను. చెప్పుకోదగ్గవి ఉన్నప్పుడు మింగి కూర్చోవడం నాకు చేతకాదు.

మాది బెల్లం వర్తకుల ఇల్లు. సీజను మొదలైందంటే మునగపాక వైపు నుంచి వచ్చే బళ్ళు తెల్లారేసరికి వీధి పొడవునా బారులు తీరేవి. ఎడ్ల మెడల్లో గంటలు, కాటా దగ్గర కేకలు, బెల్లం దిమ్మల మీద ముసిరే కందిరీగలు, కాళ్ళ కింద అంటుకుపోయే పాకం. బడి లేని రోజు మేము చెరకు తోటల్లోకి పోయి బెల్లం వండే పెనం దగ్గర నిలబడితే, వేడి వేడి పాకాన్ని చెరకు పిప్పి మీద వేసి ఇచ్చేవారు. అది ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ తినడంలో ఉన్న సుఖం ఇప్పటి ఏ మిఠాయిలోనూ నాకు దొరకలేదు. నాగులచవితికి రోట్లో దంచిన నువ్వుల చిమ్మిలి, ఎండల్లో తాటిముంజెలు, చలికాలం కుంపట్లో కాల్చిన తేగలు, అరుగు మీద వామనగుంటలు, వెన్నెల్లో తొక్కుడుబిళ్ళ. ఇంటికి పెద్దదిక్కు మా మామ్మ. తాతయ్య పోయాక కొట్టూ ఇల్లూ ఆవిడ నోటితోనే నడిచాయి. పూడిమడక నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలామె కూడా మా మామ్మతో బేరమంటే ఒక గుటక నీళ్ళు తాగి మరీ మొదలుపెట్టేది.

విశాఖపట్నం మీద బాంబు పడిందని జనం మూటలు కట్టుకుని మా ఊరికి వచ్చిపడిన రోజుల్లో, ఆ జనంతోపాటు మాణిక్యమ్మగారు వచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా, నేత చీర కొంగు నడుముకి బిగించి, ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చేతిలో రెండు ఫిడేలు పెట్టెలు. మా వీధి చివర ఒక గది అద్దెకు తీసుకున్నారు. పెళ్ళిచూపుల్లో పిల్ల ఏదో ఒకటి వాయిస్తే బాగుంటుందన్నది అప్పుడు ఊళ్ళో కొత్తగా పుట్టిన మోజు. ప్లీడరుగారి ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకి పాఠం కుదిరింది. ప్లీడరుగారింట్లో ఉన్నది మనింట్లో లేకపోతే ఎలాగని మా మామ్మ నన్ను కూడా వేసింది. నాకప్పటికి అయిదేళ్ళు.

మొదటిరోజు పెరటి వసారాలో చాప వేశారు. మాణిక్యమ్మగారు ఫిడేలు తీసి నాకివ్వలేదు. వంటింటి గడపలో నిలబడి తొంగిచూస్తున్న మా అమ్మని పిలిచారు.

"నువ్వు రామ్మా. ముందు నీకు చెప్తాను. పిల్ల తరవాత."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ్మ పప్పు చేటతో సహా బయటికి వచ్చింది.

"ఏటి, కోడలికి పాటమేటి? పెళ్ళై పిల్లని కన్నాక ఎవుడికి వాయించి సూపిత్తాది?"

"ఎవరికీ చూపించక్కర్లేదమ్మా. తల్లి చేతిలో లేనిది పిల్ల చేతిలోకి రాదు. తల్లి కూర్చోని ఇంట్లో నేను పాఠం చెప్పను," అన్నారు మాణిక్యమ్మగారు, గొంతు పెంచకుండా. ప్లీడరుగారి భార్య అప్పటికే కూర్చుంటోందని తెలిశాక మామ్మ చేట పట్టుకుని లోపలికి పోయింది.

అలా మా అమ్మ ఫిడేలు పట్టింది. రెండు పెట్టెల్లో పాతది అమ్మకి అరువిచ్చారు. నేలమీద మఠం వేసుకుని, ఫిడేలు కొస కుడిపాదం మీద ఆనించి, మొదట ఒక్క తీగ మీద ఒక్క స్వరం. నాకేమో చెరకు గడ ముక్కొకటి, కమాను బదులు కొబ్బరి ఈనె. దాన్ని సరిగ్గా పట్టుకుని, నడుము వంచకుండా కూర్చోవడమే నా పాఠం. ఎంతసేపని కూర్చుంటాను? రెండోరోజు పాఠం ముగిసేసరికి నా ఫిడేలు సగం అయిపోయింది. ఫిడేలు నమిలి తిన్న శిష్యురాలు ఈ ఆంధ్రదేశం మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. మాణిక్యమ్మగారు కోప్పడలేదు. "తియ్యగా ఉందా? అదే తీపి చెవికి కూడా తెలిస్తే అసలుది ఇస్తాను," అన్నారు.

అమ్మ వాయించేది. పప్పు ఉడికేలోపు వాయించేది, మామ్మ కునుకు తీస్తే వాయించేది, నాన్న కొట్టు కట్టేసి వచ్చేలోపు వాయించేది. ఒకే చిన్న గీతం పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతుంటే దిమ్మలు మోసే అప్పన్న కూడా కాటా దగ్గర అదే కూనిరాగం తీసేవాడు. అమ్మ ముఖంలో నేనంతకుముందు చూడని వెలుగొకటి వచ్చింది. నాకు కుళ్ళు పుట్టింది. ఆఖరికి ఒకరోజు అమ్మ చేతిలోంచి ఫిడేలు లాక్కోబోయి, ఇవ్వలేదని నేలమీద పడి దొర్లి ఏడ్చాను. మాణిక్యమ్మగారు ఆ ఏడుపు కోసమే చూస్తున్నట్టున్నారు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కమాను మీద నా చెయ్యి, నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, రెండో చేత్తో నా తొడ మీద తాళం వేస్తూ మొదలుపెట్టారు. విచిత్రమేమిటంటే ఆ గీతం అప్పటికే నాకు వచ్చు.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని అమ్మ ఒకసారి అడిగింది. ఆవిడ దాచలేదు. వాళ్ళమ్మ అప్పలనరసమ్మగారు పెళ్ళిళ్ళలో, దేవుడి కళ్యాణాల్లో మేళం కట్టి పాడేవారు, ఆడేవారు. మేనమామ పక్కన ఫిడేలు వాయించేవాడు. ఆ ఇళ్ళలో పిల్లకి పాఠమంటూ విడిగా ఉండదు. తల్లి సాధన చేస్తుంటే పిల్ల ఒళ్ళో పడుకుని వింటుంది, తల్లి తాళం పిల్ల తొడ మీదే పడుతుంది. మాటలకన్నా ముందు పాట వస్తుంది. "నా గురువు మా అమ్మేనమ్మా. మీ ఇంట్లో ఉన్న ఫిడేలు మా మేనమామది," అన్నారు.

మేళం అన్న మాట చెవినపడగానే మామ్మ ముఖం మారింది. ఆరోజుల్లో ఆ కుటుంబాల వాళ్ళ పాట అందరికీ కావాలి, వాళ్ళ పేరు మాత్రం మర్యాదస్తుల ఇళ్ళలో ఎత్తకూడదు. ఈ సంగతి ఊళ్ళో పొక్కితే పాఠాలు చెప్పించుకునే ఇళ్ళన్నీ తలుపులు మూసేస్తాయి, ఆవిడ నోటిదగ్గర కూడు పోతుంది, అమ్మ చేతిలో ఫిడేలు పోతుంది. అది మామ్మకీ తెలుసు. మామ్మ వర్తకురాలు కదా, క్షణంలో దారి వెతికింది.

"ఇనుకోండి ఇద్దరూ. ఎవులడిగినా ఇజీనారం పంతులుగారి శిష్యురాలని సెప్పండి. ఆ ఊరు పేరు సెపితే ఇంక మాటాడరు. తల్లి పేరు మాత్రం ఎత్తకండి."

ఫిడేలంటే విజయనగరమేనని పేరున్న రోజులవి. మాణిక్యమ్మగారు ఫిడేలు పెట్టెలో పెట్టి మూత వేస్తూ, "సరేనమ్మా. పాఠం సాగితే చాలు," అన్నారు. ఆరోజు ఆవిడ ఇంకేమీ వాయించలేదు.

ఆ అబద్ధం రెండేళ్ళు బాగానే నడిచింది. కొత్తమావాస్య జాతర రోజుల్లో ఊరంతా డప్పులు, బూరెల వాసన, బళ్ళ మీద వచ్చిన చుట్టాలు. ఆ సందడిలో ప్లీడరుగారి భార్య మేడమీద పేరంటం పెట్టి, మా అమ్మని వాయించమని అడిగింది. మాణిక్యమ్మగారిని కూడా పిలిచారు. మామ్మ జరీచీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది. అమ్మ మధ్యలో తివాచీ మీద ఫిడేలు సరిచేసుకుంటోంది. గోడవారగా మాణిక్యమ్మగారు, ఆవిడ ఒళ్ళో నేను.

కచేరీకి ముందు గురువు పేరు చెప్పడం మర్యాద. ప్లీడరుగారి భార్య అందరికీ వినబడేలా అమ్మని అడిగింది.

"మన పంతులమ్మగారిది విజయనగరం పాఠమే కదా. మా అన్నయ్య అక్కడే ఉంటాడు, సంగీతం పంతుళ్ళందరూ తెలుసు. ఈవిడ ఎవరి శిష్యురాలో పేరు చెప్పమ్మా, రాత్రికి మా అన్నయ్య వస్తున్నాడు, అడుగుతాను."

ఇప్పుడు ఊరి పేరు చాలదు, మనిషి పేరు కావాలి. ఉన్న అబద్ధం మీద ఇంకొక అబద్ధం పెట్టాలి. మామ్మ తలతిప్పి అమ్మకేసి చూసింది. మాణిక్యమ్మగారి చెయ్యి నా భుజం మీద బిగిసింది. అత్తగారి ఎదుట ఎన్నడూ గొంతెత్తని మా అమ్మ, కమాను ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా చెప్పింది.

"విజయనగరం కాదండి. మా పంతులమ్మగారి గురువు వాళ్ళ కన్నతల్లి, అప్పలనరసమ్మగారు. మేళంలో పాడేవారు. నా చేతిలో ఉన్న ఈ ఫిడేలు ఆ మేళంలోదే. నాకు వచ్చిందంతా ఆ ఇంటి విద్యే."

అని, ఎవరి ముఖమూ చూడకుండా మోహన రాగం అందుకుంది. నాకు పెద్దగా తెలియకపోయినా ఒకటి మాత్రం తెలిసింది. మాణిక్యమ్మగారి చెయ్యి నా భుజం మీద నుంచి జారి, నా తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తరవాత గదికంతా వినబడేలా. మా అమ్మ అంత బాగా మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు. అమ్మ కూడా ఆ మాటే అనేది.

తాంబూలాల పళ్ళెం వరసగా వచ్చి, మాణిక్యమ్మగారి దగ్గరికి వచ్చేసరికి దారి మళ్ళింది. ఆవిడ చిరునవ్వుతో నన్ను ఒళ్ళోంచి దింపి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. మామ్మ అది చూసింది. దారంతా ఆవిడ వెనకాల అమ్మ ఫిడేలు పట్టుకుని, ఉరికంబం ఎక్కబోయే మనిషిలా నడిచింది. ఇంటికి వచ్చాక మామ్మ కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, అమ్మని పిలిచింది.

"సెప్పీసేవు కదా."

"సెప్పేను అత్తా. ఇంకో మడిసి పేరు నోట్లోకి రాలేదు."

"మంచి బెల్లం కూడా గోని కప్పి అమ్మితే సెడిపోయిందనుకుంటారు జనం. ఈ రెండేళ్ళూ మనం సేసింది అదే. నా బుద్ధికి ముందు తోసలేదు. రేపట్నుంచి పెరట్లో వద్దు. వీధి సావిట్లో సాప ఎయ్యి. బజారంతా ఇనాల."

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మర్నాడు మామ్మే స్వయంగా వీధి చివరికి వెళ్ళి, బజారు మధ్యలోంచి మాణిక్యమ్మగారిని వెంటబెట్టుకుని వీధిగుమ్మంలోంచి తీసుకొచ్చింది, నిన్న అందని తాంబూలం తన చేత్తో ఇచ్చింది. మా మామ్మ అక్షరం ముక్క రాని మనిషి. ఆవిడ మనవరాల్నని చెప్పుకోవడానికి నాకు ఏ బిరుదూ అక్కర్లేదు.

ఇళ్ళు మూతపడ్డాయి, ఆ మాట నిజం. ప్లీడరుగారింటితో సహా పెద్దిళ్ళన్నీ మానేశాయి. కానీ సావిట్లో పాఠం మొదలయ్యాక బళ్ళవాళ్ళు ఆగి వినేవారు, పూడిమడక చేపలామె గంప దించి గుమ్మం పక్క చతికిలబడేది. తరవాత మా వీధి బెల్లం వర్తకుల కోడళ్ళు ఒక్కొక్కరే పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. స్వరాజ్యం వచ్చేనాటికి మా సావిడి చాలక అరుగుల మీద కూడా చాపలు వేసేవాళ్ళం. ప్లీడరుగారి చిన్నమ్మాయి కూడా తిరిగి వచ్చింది. తల్లి కూర్చుంటేనే పాఠమని మాణిక్యమ్మగారు పాత మాటే చెప్పారు. ప్లీడరుగారి భార్య, ఆ మహాతల్లి, మా సావిట్లో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు ఆ ఇంటి చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. సావిడి లేదు, అరుగులు లేవు, ఎడ్లబళ్ళు లేవు. ఆ చాపల మీద నేర్చుకున్నవాళ్ళలో ఇంకా బతికున్నది నేనొక్కదాన్నేననుకుంటాను. పోయినవాటికి నాకంత దిగులు లేదు. బాధ పెట్టింది వేరొకటి.

క్రితం ఏడాది మా అపార్టుమెంటులో ఎదురు ఫ్లాటులోకి ఒక బ్యాంకు ఆఫీసరమ్మాయి దిగింది. పాలుపొంగించిన రోజు వెళితే హాల్లో గోడమీద మాణిక్యమ్మగారి ఫొటో ఉంది. ఎవరమ్మా ఈవిడ అని అడిగాను.

"మా తాతయ్యకి అక్కగారండి. టీచరుగా చేసేవారట."

"ఏం టీచరు?"

ఆ అమ్మాయి గుమ్మంవైపు చూసింది. పక్క ఫ్లాట్ల వాళ్ళు ఇంకా వస్తూ పోతూ ఉన్నారు.

"అది తెలీదండి. మా ఇంట్లో పాటలూ అవీ ఎవరికీ లేవు."

పాట మాట నేనింకా ఎత్తనే లేదు.

"నేను ఆవిడ శిష్యురాలిని. ఆవిడ గురువు మీ తాతయ్య తల్లి అప్పలనరసమ్మగారు. కూర్చో, చెప్తాను," అన్నాను.

ఆ అమ్మాయి వెంటనే కూర్చోలేదు. వెళ్ళి వీధితలుపు దగ్గరగా వేసి వచ్చి, నా ఎదురుగా నేలమీద కూర్చుంది. నేను మాత్రం గొంతు తగ్గించలేదు.