శీతల్ చేతులు వెనక్కి పెట్టుకున్న రోజు

మా అక్క కూతురు శీతల్ ఇవాళ ప్రత్యేక విద్యలో సర్టిఫికెట్ ఉన్న టీచరు. ఢిల్లీ నుంచి ఆమెకు వచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఆమెకంటే నాకే బాగా కంఠస్థం. ఏడో తరగతిలో బడి మానేసిన నేను ఆమెకు గురువునని చెబితే, ఈ మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతగాళ్లుండే నీలం నగర్‌లో కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. నిజానికి నేను బడి మానేయలేదు. ఇక నేర్పడానికి తమ దగ్గర ఏమీ మిగల్లేదని మాస్టర్లంతా కలిసి నన్ను గేటు దాకా సాగనంపారు. ఆ రోజు హెడ్మాస్టరు రుమాలు పిండితే బిందెడు నీళ్లు వచ్చాయి.

మా అక్క పోచమ్మ బీడీలు చుడుతుంది. శీతల్ ఆమె పక్కనే కూర్చుని పెరిగింది. పదేళ్లకే ఆ పిల్ల వేళ్లు ఎంత వేగంగా తిరిగేవంటే, వేసవిలో కరెంటు పోతే మేమంతా గాలి కోసం ఆమె పక్కకు చేరేవాళ్లం.

మా వాడలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. నలుగురు వరసగా కూర్చుని చుడుతున్నప్పుడు ఎవరైనా వెనకబడితే, పక్కామె అడగకుండానే ఆమె చాటలోంచి గుప్పెడు ఆకులు తీసుకుని తానే చుట్టేస్తుంది. అడగడం ఉండదు, మెచ్చుకోవడం ఉండదు. ఒకరు తడబడుతుంటే చేతులు ముడుచుకుని చూస్తూ కూర్చోవడమే మా దగ్గర తప్పు. శీతల్‌ను పరీక్షలో ముంచింది ఆ మంచి గుణమే.

అశోక్ చౌక్ అవతల, బుద్ధి నెమ్మదిగా వికసించే పిల్లల కోసం ఒక బడి ఉంది. పన్నెండో తరగతి కాగానే శీతల్ అక్కడ ఆయాగా చేరింది. పిల్లలకు మూతులు తుడిచేది, చెప్పులు తొడిగేది. ఆ బడిలోనే నమ్రత అనే పద్నాలుగేళ్ల అమ్మాయి ఉంది. నాలుగైదు మాటలకు మించి మాట్లాడదు, కానీ మొండితనంలో మా వాడ పెద్దలందరినీ కలిపి ఓడిస్తుంది. శీతల్ కనిపిస్తే తప్ప గేటు దాటి లోపలికి రాదు. ఈ పిల్లకు ఆయాగా కాదు, టీచరుగా ఉండాలని శీతల్‌కు పట్టుదల పుట్టింది. రెండేళ్ల డిప్లొమాలో చేరింది. రాత పరీక్షలన్నీ గట్టెక్కింది. మిగిలింది ప్రాక్టికల్ పాఠం ఒక్కటే. అది పాసైతేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే నంబరు, నంబరు ఉంటేనే క్లాసు.

పాఠం ఏమిటంటే, నమ్రతకు టవలు మడత పెట్టడం నేర్పాలి. ఆ పనిని ఆరు ముక్కలు చేసి, ఒక్కో ముక్కా పిల్ల చేతనే చేయించాలి. పుణె నుంచి వచ్చిన పరీక్షకుడు ముందు కూర్చున్నాడు. నమ్రత టవలు పరిచింది. రెండు మూలలు కలపాల్సిన చోట ఆగిపోయింది. అంతే, శీతల్ చేతులు లేచి, రెప్పపాటులో టవలును నాలుగు మడతలు పెట్టి, పైన తట్టి, పక్కన పెట్టేశాయి. ఆ పని జరిగినట్టు శీతల్‌కే తెలియదు.

పరీక్షకుడు కాగితం మీద ఏదో రాసుకుని, టవలు చాలా బాగా మడిచారు, ఇంతకీ ఈ పాఠం ఎవరికి అని అడిగాడట.

ఫెయిలైంది. ఆరు నెలల తర్వాత మరో అవకాశం. ఈలోగా బడివాళ్లు ఒక మాట చెప్పారు: జూన్‌కల్లా నంబరు రాకపోతే నమ్రత క్లాసుకు బయటి టీచరును తెచ్చుకుంటారు, శీతల్ మళ్లీ ఆయా పనికే.

ఆ సాయంత్రం నేను కుంఠా నాకా దగ్గరి మగ్గాల కార్ఖానా నుంచి వచ్చేసరికి శీతల్ గడపలో కూర్చుని తన చేతులను పరాయివాళ్ల చేతుల్లా చూసుకుంటోంది.

"నా చెయ్యి నా మాట ఇనలే, మామా," అంది.

"మీ అమ్మ చెయ్యి ఎన్నడన్న ఇన్నదా? నీ పెండ్లీడు దాక నీకు జడ తనే ఏసింది."

"నడుమ నా చెయ్యి ఏం జేసిందిరా?" అంది మా అక్క చాట ముందునుంచి.

అప్పుడు నేను మా ఉస్తాదు రామచంద్రం సంగతి చెప్పాను. ఆయన నాకు పవర్‌లూమ్ నేర్పిన రోజు పోగు తెగింది, మగ్గం ఆగింది. నాకు అతకడం రాదు. ఆయన తలుచుకుంటే ఒక్క క్షణం పని. కానీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పాన్ నములుతూ నిలబడ్డాడు. నేను చెమటలు కక్కాను, ఏడ్చాను, పోగును తిట్టాను. ఆయన కదల్లేదు. సేటు వచ్చి అరిచాడు. అయినా కదల్లేదు. నేను ఆ పోగు అతికేలోపు సేటు నల్లమీసం తెల్లబడింది, కావాలంటే అడగండి. కానీ ఆ తర్వాత ఇన్నేళ్లలో పోగు అతకడానికి నేను ఎవరినీ పిలవలేదు. ఈ ఒక్క మాటలో నా కల్పన ఏమీ లేదు.

శీతల్ లేచి ఒక టవలు తెచ్చి నా ముందు పడేసింది. "మడతపెట్టు, మామా. నేను ముట్ట."

మడత పెట్టడం రానట్టు నటిస్తానని మాట ఇచ్చాను.

"నటించుడెందుకురా?" అంది అక్క. "ఇరవై ఏండ్ల సంది టవల్లు నేస్తున్నవ్, ఒక్కటి మడతపెట్టింది సూడలే. నీకు నిజంగనే రాదు."

అది అబద్ధమని ఇక్కడ రాయాలని ఉంది. రాయలేను.

రోజూ డ్యూటీ దిగాక మా ఇంట్లో అదే బడి. నా చేతిలో టవలు, ఎదురుగా శీతల్. ఆమె చేయి ముందుకు వచ్చినప్పుడల్లా నా దగ్గరున్న, నూలు చుట్టే ఖాళీ కండెతో మెల్లగా ఒకటి తగిలించేవాణ్ని. మొదటి రోజు తగిలించీ తగిలించీ కండె అరిగిపోయింది. వారానికి ఆమె చేతులు ఒళ్లోనే ఆగాయి. నెలకు వెనక్కి వెళ్లాయి. అక్కకే ఇంకా అర్థం కాలేదు. ఒకరోజు నేను మూల దొరక్క తిప్పలు పడుతుంటే, చాట పక్కన పెట్టి వచ్చి టవలు లాక్కుని మడిచేసింది. కండె ఆమెకూ తగిలింది. ఆ తర్వాత నాకు రెండు రోజులు అన్నం పెట్టలేదు.

రెండోసారి పరీక్ష ఏప్రిల్‌లో జరిగింది. నన్ను గేటు దగ్గర ఉండమన్నారు. గేటు దగ్గరే ఉన్నాను, కాకపోతే నా గేటు కిటికీ పక్కన ఉంది. లోపల అదే పరీక్షకుడు.

నమ్రత టవలు పరిచింది. మూలల దగ్గర ఆగిపోయింది. ఫ్యాను వైపు చూసింది. టవలు నెత్తిన కప్పుకుంది. తీసింది. ఒక మూల పట్టుకుని రెండోది ఎక్కడుందో మరిచిపోయింది. శీతల్ చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి. వేళ్లు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. పరీక్షకుడు గడియారం చూసుకున్నాడు. చివరికి పెద్దమనిషి మనసు ఆగక, పాపం, టవలు మూల అందించబోతూ తానే చేయి ముందుకు చాపాడు.

"థాంబా, సర్," అంది శీతల్, ఆగండని మరాఠీలో.

ఆయన చేయి గాల్లోనే ఆగింది.

"ముట్టకండి. ఆమె వెతుకుతోంది," అంది మరాఠీలోనే, గొంతు పెంచకుండా.

పరీక్షలో పరీక్షకుణ్ని ఆపిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. గదిలో అందరూ బొమ్మల్లా ఉండిపోయారు. నమ్రత ఒక్కతే వాళ్లెవరినీ పట్టించుకోకుండా టవలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. రెండో మూల దొరికింది. తెచ్చి మొదటి మూలకు కలిపింది. మడిచింది, మళ్లీ మడిచింది, అరచేత్తో గట్టిగా తట్టింది. మడత కొంచెం వంకరగా వచ్చింది. శీతల్ దాన్ని సరిచేయలేదు. పరీక్షకుడు చాపిన చేయి మెల్లగా వెనక్కి తీసుకుని, కలం పట్టుకుని, చాలాసేపు రాశాడు.

ఇలా ఆగడం ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగితే మా మామ దగ్గర అని చెప్పిందని నేను అందరికీ చెబుతుంటాను. పవర్‌లూమ్ కార్ఖానాలో నేర్పుతారని మాత్రమే చెప్పానంటుంది శీతల్. రెండూ ఒకటే కదా.

జూన్‌కు ముందే నంబరు వచ్చింది. ఇప్పుడు ఆ క్లాసు శీతల్‌ది. మొన్న అక్కడికి వెళ్లాను. నమ్రత ఆరు టవళ్లు మడిచి ఒకదానిమీద ఒకటి పేర్చింది. పైదాని అంచు కాస్త బయటికి వచ్చి ఉంది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, నా చేయి దానంతటదే సర్దడానికి ముందుకు పోయింది.

నమ్రత నా చేతిమీద ఠపీమని ఒక్కటి వేసింది. శీతల్ నోట్‌బుక్‌లోంచి తలెత్తకుండానే, "చేతులు యెనక్కి, మామా," అంది.

వెనక్కి పెట్టుకున్నాను.