అవ్వ చేతిలోని చెప్పులు

మొన్న మా మనవరాలికి అద్దె ఇల్లు చూడటానికి భూపాలపల్లి వెళ్ళాను. పిల్లకు అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది, హాస్టలు తిండి ఎన్నాళ్ళు తింటుందిలే అనీ, నర్సు ఉద్యోగం చేసి చేసి రిటైరైన నాకు ఊరికే కూర్చుంటే తోచదు కనుకానూ, దారి పొడుగునా ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో మనసులోనే సర్దుకుంటూ పోయాను. మేడ మీద రెండు గదులు, మంచి గాలి, కాలేజీకి నడిచిపోయేంత దగ్గర. ఇంటి యజమానురాలు నవ్వుముఖం మనిషి. నన్నూ మనవరాలినీ కూర్చోబెట్టి ఫ్యాను వేసి, చల్లని నీళ్ళిచ్చి, పిల్ల చదువంతా అడిగి మెచ్చుకుని, అదే నవ్వుతో "మీరు ఏమోళ్ళమ్మా?" అంది. ఏ కులమని అడగడం అన్నమాట. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది, తాగబుద్ధి కాలేదు, కింద పెట్టబుద్ధీ కాలేదు.

పల్లెకు కొత్తగా వచ్చిన నర్సమ్మకు ఒకప్పుడు ఎంత మర్యాద ఉండేదో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. నెల్లికుదురు దగ్గర ఒక ఊళ్ళో నా మొదటి ఉద్యోగం. అక్కడి పెద్ద వీధిలో ఒకామె తానే పిలిచి పెరటి గది అద్దెకిచ్చింది. తెల్లచీరా, చేతిలో మందుల పెట్టే చూసి నేనెవరినో తనే ఊహించుకుంది కానీ అడగలేదు, అడగని సంగతి పనిగట్టుకుని చెప్పడమెందుకని నేనూ ఊరుకున్నాను. మంచి మనిషని అప్పట్లో ఊరంతా చెప్పేదాన్ని. ఆదివారం వస్తే నా తలకు నూనె పెట్టేది, మామిడికాయ తొక్కు పెడితే నాకూ ఒక గిన్నెడు తీసి పెట్టేది. పురిటికొచ్చిన వాళ్ళ కూతురికి కాన్పు చేసింది నేనే, పుట్టిన పసివాడికి రోజూ పొద్దున నీళ్ళు పోసిందీ నేనే. "సిస్టరమ్మా, నీ చెయ్యి తగిల్తెనే వీడు ఏడుపు బంద్ చేస్తడు" అని ఇంటామె మురిసిపోయేది.

మా అవ్వ (అమ్మను మేము అవ్వా అనే పిలిచేవాళ్ళం) జఫర్‌గఢ్ వైపు మా పల్లెలో కూలికి పోయేది. మా నాయిన ఊరందరికీ చెప్పులు కుట్టేవాడు, మా అవ్వ మాత్రం ఎండాకాలం కూడా వట్టికాళ్ళతోనే నడిచేది, అదేమిటని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు కూడా. నాకు ఉద్యోగం వచ్చాక నాయిన మెత్తటి తోలు ఏరి, పైపట్టీ మీద చిన్న పువ్వు చెక్కి ఒక జత కుట్టాడు. "నర్సమ్మ తల్లివి, ఇంక వట్టి కాళ్ళతోని తిరుగుతవా" అని ఆటపట్టిస్తూ తానే తొడిగాడట. ఆ చెప్పులు వేసుకుని అవ్వ మొట్టమొదటిసారి నా ఉద్యోగపు ఊరికి బస్సెక్కి వచ్చింది.

అప్పటికి నేను పసివాడికి నీళ్ళు పోయడమయ్యి, పౌడరద్ది, అరుగు మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఇంటామె పక్కనే ఉంది. వీధి మలుపులో అవ్వ కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. అంతలో అవ్వ ఆగింది. పెద్దవాళ్ళ వాకిళ్ళు కంటపడగానే వంగి చెప్పులు విడిచి, చేతిలోకి తీసుకుని, కొంగు కింద దాచుకుని గోడవారగా నడిచి వచ్చింది. పెద్దవాళ్ళ ఇళ్ళ ముందు మేము చెప్పులు తొడుక్కోకూడదన్నది మా ఊరి కట్టు. తననెవరూ ఎరగని ఊళ్ళో కూడా అవ్వ కాళ్ళు ఆ కట్టును మరచిపోలేదు. పాపం, మర్యాద చేస్తున్నాననే అనుకుంది. ఇంటామెకు ఇక ఏమీ అడగవలసిన పని లేకపోయింది.

నా ఒళ్ళోంచి పిల్లవాణ్ణి లాక్కుంది. "ఏమే, ఇన్నొద్దులు చెప్పకుంట మా ఇంట్ల తిరిగినవానే?" అంది. నిమిషం కిందటి సిస్టరమ్మను అప్పుడే 'ఏమే' అయ్యాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మొగదిక్కు లేకుంట ఒక్కతే ఉన్నప్పుడే అనుకోవాల్సింది, ఎవలెవలు వచ్చిపోతున్నరో!" అని వీధంతా వినేలా అరిచింది. ఒంటరిదైనా ఎంత పద్ధతిగా ఉంటుందో చూడండని అంతకుముందు రోజు దాకా నలుగురికీ చెప్పుకున్నది ఆమే! కులం తెలిసిన నిమిషంలోనే నా నడత కూడా చెడిపోయింది. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు, ఇది నిజంగా జరుగుతోందా అని కొయ్యబారిపోయాను. ఆ తరువాత ఆమె, అవ్వ చూస్తుండగానే, నేను అప్పుడే శుభ్రం చేసిన ఆ పసివాడి తలమీదినుంచి మళ్ళీ నీళ్ళు గుమ్మరించింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే అలవాటు కొద్దీ నా చేతులు ముందుకు పోయాయి, పోయినవాటిని నేనే వెనక్కి తీసుకున్నాను.

పెట్టె సర్దుకుని ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. "నేను చెప్పులు చేతులవట్టకుంటే ఆమెకు తెల్వకపోవు గదా బిడ్డా, గిదంత నాతోనే అయ్యిందా?" అని అవ్వ అడిగింది. కాదు కాదని ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. నాయిన ఎంత బతిమాలినా ఆ చెప్పులు మళ్ళీ తొడగలేదు, అవి చూరులోనే ఎండి బిగుసుకుపోయాయి.

గ్లాసు పట్టుకుని నేను ఇవన్నీ తలచుకుంటుండగానే, మనవరాలు ఊరి పేరు చెప్పినంత మామూలుగా "మాదిగోళ్ళం ఆంటీ" అంది. చిత్రమేమిటంటే యజమానురాలి నవ్వు చెదరలేదు, గొంతూ పెరగలేదు. ఎవరో చుట్టాలు ఆ గదులు ముందే అడిగారట, తనే మరిచిపోయిందట, పైగా ఆడపిల్ల ఒక్కతే ఉంటుందంటే వాళ్ళాయన ఒప్పుకోడట. ఆడపిల్లైతేనే మాకు నిశ్చింత అని పొద్దున ఫోనులో అన్నది కూడా ఈమే. ఇన్నేళ్ళు గడిచినా అదే వరుస, ముందు కులం, ఆ వెంటనే ఒంటరి ఆడదన్న వంక!

లేచి బయటకు వచ్చాం. గుమ్మం ముందు విడిచిన చెప్పుల దగ్గర నేను వంగాను, వాటిని చేతిలోకి తీసుకున్నాను, మెట్ల వైపు నడిచాను కూడా. మనవరాలు "అమ్మమ్మా" అని పిలిచేదాకా నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. పిల్ల నా చేతిలోంచి చెప్పులు తీసుకుని, ఆ గుమ్మం ముందే మోకాళ్ళ మీద కూర్చుని, "ఏస్కో" అని ఒక్కొక్కటే నా కాళ్ళకు తొడిగింది. ఇంటామె తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది.

ఇల్లు ఇంకా దొరకలేదు. బస్టాండు దాకా మనవరాలు నా చెయ్యి వదలకుండా నడిచింది. నా వల్లనే ఇట్లా అయ్యిందా అని మాత్రం అడగలేదు. ఆ ఒక్క మాటా మా అవ్వ కన్నుమూసే దాకా నన్ను అడుగుతూనే ఉంది.