వంతెనకు పోసిన నీళ్లు

ఎర్రవాగు మీద కొత్తగా పోసిన వంతెన శ్లాబుకు నీళ్లు పట్టే పని జంపక్కది. చర్ల దాటి అడవిలోకి వెళ్లే దారిలో, ఆమె ఊరు ఇప్పలగుంపుకు ముందు అడ్డం పడే వాగు అది. శ్లాబు మీద బంకమట్టితో గట్లు కట్టి మడులు చేశారు. అవి ఎండకుండా జంపక్క, ఇంకొందరు ఆడవాళ్లు వాగు చెలమల నుంచి కుండలతో నీళ్లు మోసేవారు.

"సిమెంటు ఎండితే గట్టిపడదు జంపక్కా. నీళ్లు తాగితేనే గట్టిపడుద్ది," అని సత్తుపల్లి నుంచి వచ్చిన ఇంజనీరు ఉదయ్ భాస్కర్ మొదటిరోజే చెప్పాడు.

పసిబిడ్డ సంగతి చెప్పినట్టే అనిపించింది ఆమెకు. శ్లాబు మీదికి చెప్పులతో ఎవరినీ రానిచ్చేది కాదు. "బాలింత గుడిసెలకు గిట్లనే వస్తవా సారూ?" అని ఒకసారి ఆయననే ఆపింది. ఆయన బూట్లు చేత పట్టుకుని నడిచాడు.

ఆ శ్రద్ధంతా కోడలు దుర్గ కోసం. రెండేళ్ల కిందటి వానల్లో నొప్పులు మొదలైతే దుర్గను మంచం మీద మోసుకొచ్చి వాగు ఒడ్డున దించారు. నీరు తగ్గలేదు. బిడ్డ దక్కలేదు. మళ్లీ ఈ శ్రావణానికి నెలలు నిండుతాయి. ఆలోపు వంతెన నిలబడాలి.

శ్లాబు పచ్చిగా ఉండగానే విత్తనాల పండుగ వచ్చింది. పండుగ ముగిసేదాకా ఊరి పొలిమేరలో ఎవరూ పనిలోకి దిగకూడదు, పరాయివాళ్లు కూడా. ఊరి పెద్ద గంగయ్య జంపక్కకు చిన్నమామ. శ్లాబుకు నీళ్లు మోయనివ్వమని ఆమె వెళ్లి అడిగింది.

"నీళ్లు మోసుడు పనే," అన్నాడు గంగయ్య. "భూమికి అందరం మాటిచ్చినం. నీ ఒక్కదానికని ఎట్ల తప్పుత?"

"నా ఒక్కదానికేనా మామా?"

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు దుర్గ మంచం మోసినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

పండుగ మొదటిరోజు మధ్యాహ్నానికే మడుల అంచుల్లో మట్టి పగుళ్లిచ్చింది. ఉదయ్ భాస్కర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆ పండుగలో మగవాళ్లు అడవికి వేటకు వెళ్తే, ఆడవాళ్లు బాటకు తాడు అడ్డం కడతారు. దాటేవాళ్లు ఏదో ఒకటి ఇవ్వాలి. ఇవ్వకపోతే నెత్తిన కుండెడు నీళ్లు గుమ్మరిస్తారు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన వేటగాళ్లకూ అదే మర్యాద. తాడు ఎప్పుడూ ఊరి మొదట్లోనే కట్టేవారు. జంపక్క దాన్ని విప్పి తెచ్చి వంతెన మీద కట్టింది.

"సారూ, ఏమన్న ఇచ్చి దాటు."

"నా దగ్గర ఏం లేదు జంపక్కా..."

మాట పూర్తికాకముందే రెండు కుండల నీళ్లు నెత్తిన పడ్డాయి. ఒంటి మీద నుంచి నీళ్లు మడిలోకి జారడం చూశాక ఆయనకు సంగతి తెలిసింది. అటు చివరికి వెళ్లి మళ్లీ వచ్చాడు.

"ఇప్పుడూ ఏం లేదు."

"గింత పిసినారి ఇంజనీరును యాడ చూడలే," అంది ఒకావిడ మరో కుండ ఎత్తుతూ.

సాయంత్రం వేటగాళ్లు వచ్చారు. ముందున్న గంగయ్య తాడును, తడిసిన శ్లాబును చూసి ఆగాడు.

"ఇదేంది జంపక్కా?"

"పని గాదు మామా. ఆట."

ఇసుకలోంచి దాటే పాత దారి పక్కనే ఉంది. ఆయన కాసేపు అటే చూసి, చెప్పులు విప్పి వంతెన ఎక్కాడు.

"ఒక్క కుందేలు గూడ దొరకలే," అన్నాడు.

"అడవిల ఎతికిన్రా, చెట్టుకింద పండుకున్నరా?"

"పండుకున్నం. ఇగ పొయ్యుండ్రి." తల వంచాడు. మిగతావాళ్లు ఆయన వెనక వరుసగా నిలబడ్డారు.

పండుగ అయిపోయేదాకా వాళ్లెవరికీ వేట దొరకలేదు.

శ్రావణంలో వాగు ఒడ్లు ఒరుసుకుంటూ పారింది. దుర్గను ఎక్కించుకున్న ఆటో వంతెన మీదుగా దవాఖానాకు వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. తిరిగి వస్తుంటే జంపక్క వంతెన మధ్యలో ఆటో ఆపించింది. పిల్లను దుర్గ ఒడిలో పెట్టి, చెప్పులు ఆటోలోనే వదిలి, వానలోకి దిగింది. వెంట తెచ్చుకున్న సొరబుర్రలోని నీళ్లు శ్లాబు మీద మెల్లగా పోసింది.

"వానకు తడుస్తనే ఉంది గద అత్తా," అంది దుర్గ.

"వాన పోసేది వాన పోస్తది. నేను పొయ్యొద్దా?" అంది జంపక్క.